పెడల్ స్టీల్ లిక్కులు చెవితో పట్టడం: స్వరాలు దొరికాక ఫ్రెట్ తేల్చేదెలా?

కొత్తబార్
అందరికీ నమస్తే. నా దగ్గరున్నది పెడల్ స్టీల్ గిటార్, అంటే తీగల మీద లోహపు బార్ జరిపి వాయిస్తూ, కాలి పెడళ్ళతో, మోకాలి లీవర్లతో కొన్ని తీగల శ్రుతి మార్చే వాయిద్యం. పది తీగలు, ఇ9 అనే శ్రుతి, ఎమ్మన్స్ వరసలో (ఎడమ నుంచి ఎ, బి, సి) మూడు పెడళ్ళు, నాలుగు మోకాలి లీవర్లు. 1960ల కంట్రీ రికార్డుల్లోని స్టీల్ లిక్కుల్ని (చిన్న చిన్న పదబంధాల్ని) ట్యాబ్, అంటే తీగ, ఫ్రెట్ అంకెలు రాసిన కాగితం, చూడకుండా, విని పట్టాలని కూర్చుంటున్నాను. స్వరాలు దొరుకుతున్నాయి. చిక్కంతా ఆ తరవాతే. ఒక పాటలో జి కార్డ్ మీద కింది నుంచి డి, జి, బి మూడూ కలిసి మోగి, వెంటనే లోపల ఏదో కదులుతుంది. ఆ మూడు స్వరాలూ 3వ ఫ్రెట్‌లో ఉన్నాయి, 6లో ఉన్నాయి, 10లోనూ ఉన్నాయి. అసలు వాయించింది ఎక్కడో ఎలా తెలుస్తుంది? స్వరాలన్నీ సరిగ్గానే పడుతున్నా రికార్డులో ఉన్న ఆ ఏడుపు మాత్రం రావట్లేదు.

పదితీగలు
కొత్తబార్ గారూ, మంచి ఉదాహరణ పట్టుకున్నారు. కొత్తగా చదివేవాళ్ళకి: ఎ పెడల్ 5, 10 తీగల్ని రెండు ఫ్రెట్ల ఎత్తు, బి పెడల్ 3, 6 తీగల్ని ఒక్క ఫ్రెట్ ఎత్తు, ఎఫ్ లీవర్ 4, 8 తీగల్ని ఒక్క ఫ్రెట్ ఎత్తు లేపుతాయి. ఆ మూడు స్వరాలు ఒక్క అష్టకం కూడా మారకుండా మూడు చోట్ల దొరుకుతాయి:

3వ ఫ్రెట్, పెడళ్ళు లేకుండా, 5-4-3 తీగలు
6వ ఫ్రెట్, ఎ పెడల్ + ఎఫ్ లీవర్, 6-5-4 తీగలు
10వ ఫ్రెట్, ఎ + బి పెడళ్ళు, 8-6-5 తీగలు

కాబట్టి నిలకడగా మోగే కార్డ్ ఎంతసేపు విన్నా ఫ్రెట్ తేలదు. తేల్చేది దాని తరవాతి కదలిక. మూడింట్లో ఏది కదిలింది, ఎన్ని ఫ్రెట్ల మేర కదిలింది, ఏవి కదలకుండా నిలబడ్డాయి, ఈ మూడు ప్రశ్నలకీ జవాబు రాసుకోండి. పెడళ్ళ పేర్లూ స్వరాల పేర్లూ ఒకటే అక్షరాలు కాబట్టి గందరగోళం లేకుండా జి ని 'స' అనుకుందాం. అప్పుడు మీ కార్డ్ కింది నుంచి ప, స, గ.

కింది ప రెండు ఫ్రెట్ల ఎత్తు లేచి ద అయి, పైన స, గ నిలబడి ఉంటే అది 3వ ఫ్రెట్. 5వ తీగని ఎ పెడల్ లాగింది. మిగతా రెండు చోట్లా పెడల్‌తో ఆ ప ని ఒక్క ఫ్రెట్ ఎత్తే లేపగలం: 6లో బి పెడల్, 10లో ఎఫ్ లీవర్.

పై గ రెండు ఫ్రెట్లు దిగి రి అయితే 10వ ఫ్రెట్. అక్కడ నొక్కి ఉన్న ఎ పెడల్ వదిలారు. గ ఒక్క ఫ్రెట్ మాత్రమే దిగితే 6వ ఫ్రెట్, ఎఫ్ లీవర్ వదిలారు. గ పైకి లేచి మ అయితే 3వ ఫ్రెట్, బి పెడల్.

నడిమి స రెండు ఫ్రెట్లు దిగి కోమల నిషాదం అయితే 6వ ఫ్రెట్, ఎ పెడల్ వదిలారు. ఒక్క ఫ్రెట్ దిగితే మాత్రం రెండు దారులున్నాయి: 3లో ఇ తీగల్ని (4, 8) ఒక్క ఫ్రెట్ దించే లీవర్, లేదా 10లో బి పెడల్ వదలడం. అలాంటప్పుడు ఆ తరవాతి స్వరం దాకా ఆగి తేల్చుకోవాలి. నాదం కూడా కొంత చెబుతుంది. 10వ ఫ్రెట్‌లో 8వ తీగ చుట్టు తీగ, సాధారణ సెట్‌లో .030, 3వ ఫ్రెట్‌లో అదే ప ని ఇచ్చే 5వ తీగ .017 సాదా తీగ. మొదటిది మందంగా, గుండ్రంగా మోగుతుంది. రెండోది సన్నగా, అంచుతో మోగుతుంది.

ఏడుపు రాకపోవడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. ఒక తీగ కదులుతుంటే పక్కవి కదలకుండా మోగుతూ ఉండాలి. మీరు కదిలిన స్వరాన్ని వేరే తీగ మీద మళ్ళీ మీటుతున్నా, బార్ జరిపి తెస్తున్నా ఆ రాపిడి పోతుంది, స్వరాలు మాత్రమే మిగులుతాయి.

టేప్‌స్పీడ్
వినే పద్ధతి మీద నాలుగు మాటలు. ఇక్కడ సగం తప్పులు చెవి వల్ల కాదు, శబ్దాన్ని తయారుచేసుకోకపోవడం వల్ల వస్తాయి.

ముందు శ్రుతి. పాత రికార్డులు చాలావరకు ప్రమాణ శ్రుతి (ఎ = 440 హెర్ట్జ్) మీద ఉండవు. టేప్ వేగం అటూ ఇటూ అయి 20, 30 సెంట్లు (సెంటు అంటే ఒక ఫ్రెట్ ఎత్తులో నూరో వంతు) జరిగి ఉంటాయి, కొన్నిటిని కావాలనే వేగం పెంచి విడుదల చేశారు. పాటలో పియానో గానీ బేస్ గానీ ఒంటరిగా మోగే చోటు చూసి దానితో సరిపోల్చి, ఫైల్ శ్రుతిని సెంట్లలో సరిచేయండి. స్టీల్‌తో సరిపోల్చొద్దు. బార్ వణుకుతుంటుంది, అందులోని గాంధారాలు ట్యూనర్ లెక్కకి తక్కువలో ఉంటాయి.

తరవాత ఛానెళ్ళు. 60ల స్టీరియో మిక్సుల్లో స్టీల్‌ని తరచు ఒక పక్కకే తోసేవారు. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో స్టీరియో ట్రాక్‌ని రెండుగా విడగొట్టి ఒక్కో పక్కా వింటే ఆశ్చర్యపోతారు. 120 హెర్ట్జ్ కింద కోసేయండి. ఇ9లో అన్నిటికంటే కింది తీగ, పదోది, ఖాళీగా దాదాపు 123 హెర్ట్జ్. అంతకంటే కింద ఉన్నదంతా బేసూ డ్రమ్మూ.

ఇక నెమ్మది చేయడం. టెంపో మాత్రమే మార్చితే 50 శాతం కింద శబ్దం నీళ్ళలో మునిగినట్టు అయి, పెడల్ ఎప్పుడు కదిలిందో చెరిగిపోతుంది. దానికి బదులు వేగం, శ్రుతి రెండూ కలిపి సగం చేయండి. సరిగ్గా ఒక అష్టకం కిందికి దిగుతుంది, కదలిక చెక్కు చెదరదు. ఎల్పీల కాలంలో వాయిద్యకారులు చేసింది ఇదే. 33⅓ రికార్డుని 16⅔ మీద తిప్పితే స్వరాలన్నీ అవే, ఒక అష్టకం కింద.

ఏఐతో పాటని ముక్కలు చేసే యాప్‌లు వాడొచ్చు గానీ జాగ్రత్త. స్టీల్ గొంతులా సాగుతుంది కాబట్టి పై స్వరాలు కొన్ని గాత్రం ముక్కలోకి వెళ్ళిపోతుంటాయి. రెండు ముక్కలూ వినాలి. చివర మోగి ఆరిపోయే భాగాన్ని ఈ యాప్‌లు ముందే కత్తిరించేస్తాయి. 'ఏది నిలబడింది' అన్న ప్రశ్నకి మాత్రం అసలు రికార్డునే అడగండి.

తంబురశ్రుతి
కర్ణాటక సంగీతం తెలిసినవాళ్ళకి ఇ9ని గుర్తుపెట్టుకోవడం చాలా తేలిక. బార్ ఏ ఫ్రెట్ మీద ఉందో ఆ ఫ్రెట్ మేజర్ కార్డ్‌ని స అనుకోండి. 1వ తీగ నుంచి 10వ తీగ దాకా: రి, ని, గ, స, ప, గ, రి, స, కైశికి ని, ప. రిషభాలు రెండూ చతుశ్రుతి, గాంధారాలు రెండూ అంతర, 2వ తీగ నిషాదం కాకలి.

ఎ పెడల్: రెండు ప లూ ద అవుతాయి. బి పెడల్: రెండు గ లూ శుద్ధ మధ్యమం అవుతాయి. సి పెడల్: 4వ తీగ స రి అవుతుంది, 5వ తీగ ప ద అవుతుంది. ఎఫ్ లీవర్: స లు శుద్ధ రిషభానికి లేస్తాయి. ఇ దించే లీవర్: స లు కాకలి నిషాదానికి దిగుతాయి.

ఇప్పుడు ఒకే ఫ్రెట్‌లో బార్ కదపకుండా పైనుంచి కిందికి శంకరాభరణం వాయించండి. 3వ తీగ గ, 1 రి, 4 స, 2 ని, 5 ఎ పెడల్‌తో ద, వదిలితే ప, 6 బి పెడల్‌తో మ, వదిలితే గ, 7 రి, 8 స. ఒంటి స్వరాల లిక్కుల్లో సగానికి పైగా ఈ దారిలోనే తిరుగుతాయి. ద నుంచి ప కి, మ నుంచి గ కి దిగేటప్పుడు మళ్ళీ మీటకుండా జారితే అది పెడల్ వదలడమే. రి నుంచి స కి దిగేటప్పుడు రెండూ కాసేపు కలిసి మోగితే 1, 4 తీగలు వేర్వేరుగా మీటారని అర్థం.

ఇంకో మాట. స్టీల్ గాంధారం మీ కీబోర్డ్ గాంధారానికి దాదాపు 14 సెంట్లు కింద ఉంటుంది. తంబుర మంద్ర స మోగుతున్నప్పుడు దానంతటదే వినిపించే గాంధారం అదే. కీబోర్డ్‌తో పోల్చి 'తక్కువగా ఉంది, ఇంకో స్వరమేమో' అనుకోవద్దు.

కొత్తబార్
పదితీగలు గారూ, మీ పద్ధతిలో చూస్తే కింది ప లేచి ద అవుతోంది, పై రెండూ నిలబడ్డాయి. 3వ ఫ్రెట్ అని తేలిపోయింది. చాలా థాంక్స్ అండీ.

దాని పక్కనే ఇంకో రెండు చోట్లున్నాయి. ఒకచోట ఒక స్వరం పైకి, ఒకటి కిందికి ఒకేసారి వెళ్తున్నాయి. ఇంకోచోట మూడూ పైకి వెళ్తున్నాయి గానీ బార్ జారించి చూస్తే సరిపోవట్లేదు.

పదితీగలు
మొదటిది స నుంచి ని, గ నుంచి మ, నడుమ ప నిలబడి ఉందేమో చూడండి. అదే అయితే 3వ ఫ్రెట్‌లో 4-5-6 తీగలు, బి పెడల్, ఇ దించే లీవర్ కలిపి. జి నుంచి డి7 కి బార్ కదలకుండా వెళ్ళే దారి. ఎదురెదురుగా కదిలే రెండు స్వరాలు ఒక్కో ఫ్రెట్ దూరమే కదిలితే ముందు దీన్నే అనుమానించండి. లీవర్, పెడల్ ఒకేసారి చేరాలి. లీవర్ ముందు చేరితే నడుమ మైనర్ కార్డ్ ఒకటి తొంగిచూస్తుంది.

రెండోదానికి ఒక్కో స్వరం ఎన్ని ఫ్రెట్లు లేచిందో విడివిడిగా కొలవండి. మూడూ సమానంగా లేస్తే బార్ ఒక్కటే జరిగింది. పైనుంచి 3, 4, 5 ఫ్రెట్ల చొప్పున లేస్తే, అంటే గ ప కి, స గ కి, ప పై స కి చేరితే, 3-4-5 తీగల మీద 3వ ఫ్రెట్ నుంచి 6కి బార్ జారుతూనే ఎ పెడల్, ఎఫ్ లీవర్ పడ్డాయి. అక్కడ నుంచి 10కి వెళ్ళి ఎఫ్ వదిలి బి నొక్కితే మళ్ళీ జి కార్డే, ఈసారి పైనుంచి 5, 3, 4 ఫ్రెట్ల చొప్పున లేస్తుంది. జి కి 3-6-10, సి కి 8-11-15, ఏ కార్డ్‌కైనా ఇదే ఎడం. ఇది కాళ్ళకి అలవాటయ్యేదాకా రోజూ వాయించండి. తరవాత చెవి దానంతట అదే గుర్తుపడుతుంది.

చివరి జారుడుకి కూడా ఒక గుర్తుంది. పెడల్ ఒక అడ్డుకి తగిలి ఆగుతుంది కాబట్టి స్వరం చేరాక గట్టిగా నిలబడుతుంది. బార్ చేరాక వెంటనే వణుకులోకి వెళ్తుంది. వణుకు మూడు స్వరాల్లోనూ ఒకేలా ఉంటుంది కాబట్టి, ఒకే స్వరం జారి మిగతావి వణుకుతూ ఉంటే అనుమానం అక్కర్లేదు, పెడలే.

బేకర్స్‌ఫీల్డ్
మీరు వినే రికార్డు ఏ సంవత్సరానిదో చూసుకోవడం మర్చిపోవద్దు. ఆనాటి వాయిద్యంలో లేని లీవర్‌ని వెతుక్కుంటూ కూర్చుంటే పని జరగదు.

గాయకుడు వెబ్ పియర్స్ పాట 'స్లోలీ' 1954లో వచ్చింది. తీగలు మోగుతుండగానే పెడల్ నొక్కి కార్డ్ లోపలి స్వరాల్ని కదిలించడం అమెరికా అంతటా వినిపించింది అందులోనే, వాయించింది బడ్ ఐజాక్స్. అక్కడ ఇప్పటి ఎ, బి పెడళ్ళు చేసే పని ఒకే పెడల్ చేస్తుంది. అంటే ప, గ రెండూ కలిసే కదులుతాయి, ఒకటి ముందూ ఒకటి వెనకా కాదు. ఆ శైలి వినేటప్పుడు ఎ, బి కలిపి నొక్కి, కలిపి వదలండి. 4-5-6 తీగల మీద అలా నొక్కి ఉంచి (పైనుంచి స, ద, మ) వదిలితే స, ప, గ. పై స కదలదు. కంట్రీ పాట చివర మీరు ఎక్కువసార్లు వినేది ఇదే.

తరవాత ఆ పెడల్ రెండుగా విడిపోయింది, మైనర్ కార్డులూ విడి స్వరాల జారుళ్ళూ వచ్చాయి. 1వ, 2వ తీగల్లోని రి, ని ఇంకా తరవాత, 60ల మొదట్లో స్టీల్ వాయిద్యకారుడు బడీ ఎమ్మన్స్ చేర్చినవి. కాబట్టి 50ల రికార్డులో ఒంటి స్వరాల పరుగు విని ఆ తీగల మీద వెతకొద్దు, బార్ జారుళ్ళే ఎక్కువ ఉంటాయి. గాయకుడు బక్ ఓవెన్స్ దగ్గర స్టీల్ వాయించిన టామ్ బ్రమ్లీ, మెర్ల్ హ్యాగర్డ్ తొలి రికార్డుల్లో రాల్ఫ్ మూనీ, గాయని కానీ స్మిత్ (Connie Smith) పాటల్లో వెల్డన్ మైరిక్: ఒక్కొక్కరి పరికరం వేరు. ముందు ఒకే మనిషిని పట్టుకుని ఐదారు పాటలు వినండి. ఆయన కాలికి ఏ కదలిక అలవాటో తెలిస్తే ఏడో పాట సగం సమయంలో దొరుకుతుంది.

టెలిరాజు
అన్నలూ, స్టీల్ లేని నాలాంటి గిటార్‌వాళ్ళ కోసం. పైన చెప్పిన మొదటి లిక్ మామూలు గిటార్ మీద అచ్చంగా అదే శ్రుతిలో వస్తుంది. మూడో తీగ 7వ ఫ్రెట్, రెండో తీగ 8వ ఫ్రెట్, మొదటి తీగ 7వ ఫ్రెట్. మూడూ మీటి, మూడో తీగని మాత్రం రెండు ఫ్రెట్ల ఎత్తు సాగదీయండి. సాగదీసే వేలికి రెండో తీగ తగిలి అది కూడా కదిలితే లిక్ చచ్చిపోతుంది. మధ్య వేలితో సాగదీస్తూ చూపుడు వేలు వెనకనుంచి తోడివ్వాలంటే రెండో తీగకి చిటికెన వేలు, మొదటి తీగకి ఉంగరం వేలు వాడాలి. స్టీల్ కొనేముందు చెవి తయారుచేసుకోడానికి ఇది చాలు.

టేప్‌స్పీడ్
బాగా చెప్పావు తమ్ముడూ. దీన్ని రికార్డు చేసి, ఒక పక్క ఛానెల్‌లో అసలు పాట, రెండో పక్క నీ వాయింపు పెట్టి హెడ్‌ఫోన్స్‌లో విను. జారుడు ఎక్కడ మొదలవుతోంది, ఎంతసేపు పడుతోంది అన్న తేడా అప్పుడు స్పష్టంగా తెలుస్తుంది.

తంబురశ్రుతి
టేప్‌స్పీడ్ గారితో ఒక చోట విభేదిస్తాను. కంప్యూటర్ తెరిచేముందు పాడాలి. రెండు మూడు సెకన్ల ముక్క తీసుకుని పై స్వరం పాడండి, తరవాత కదిలే స్వరం పాడండి, ఆఖర్న నిలబడే స్వరాన్ని పట్టుకుని పాడుతూ రికార్డు మళ్ళీ వినండి. నిలబడే స్వరం పాడగలిగితే ఫ్రెట్ దొరికినట్టే. నెమ్మది చేసి వింటూనే ఉంటే ఒక్కో స్వరం దొరుకుతుంది గానీ పదబంధం దొరకదు, పూర్తి వేగంలో వాయించేసరికి ఊపిరి తప్పుతుంది.

టేప్‌స్పీడ్
పై స్వరానికి ఒప్పుకుంటాను. నడిమి స్వరం దగ్గర మాత్రం మనసు వినాలనుకున్నది వింటుంది, అక్కడ సగం వేగంలో చూసుకోవాల్సిందే. పాడి, తరవాత సరిచూసుకుంటే ఇద్దరి మాటా నెగ్గుతుంది.

పదితీగలు
మోసం చేసే మూడు విషయాలు ఎవరూ చెప్పలేదు, అవి చేరుస్తాను.

వాల్యూమ్ పెడల్. స్టీల్ వాయించేవాళ్ళు పెడల్‌ని సగం దగ్గర ఉంచి, మీటిన తరవాత నాదం తగ్గుతున్నకొద్దీ నొక్కుతూ పోతారు. మీటిన చప్పుడు దాగిపోతుంది కాబట్టి స్వరం ఆలస్యంగా మొదలైనట్టు వినిపిస్తుంది. 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య కాస్త పెంచి వింటే గోరు తీగని తాకే టిక్కు వినబడుతుంది. టిక్కు ఉంటే కొత్తగా మీటారు, లేకుండా స్వరం మారితే పెడలో బారో.

హార్మోనిక్స్. అరచేతి అంచుతో బార్‌కి 12 ఫ్రెట్ల అవతల తాకి మీటితే అదే తీగ ఒక అష్టకం పైన మోగుతుంది. 15వ ఫ్రెట్ పైన గంటలా మోగే స్వరం దొరక్కపోతే 12 ఫ్రెట్లు కిందికి వచ్చి చూడండి.

పెడళ్ళు తొక్కితే పెట్టె కొద్దిగా వంగడం. ఎ, బి కలిపి నొక్కినప్పుడు కదలకూడని తీగలు కూడా కొన్ని సెంట్లు దిగుతాయి. పాత వాయిద్యాల్లో బాగానే వినిపిస్తుంది. పై స కాస్త కుంగినట్టు వినబడితే దాని కోసం కొత్త లీవర్ వెతకొద్దు.

కొత్తబార్
ఒక్క చివరి సందేహం అండీ. 3 నుంచి 6కి జారుడు ఇప్పుడు దొరికింది. కానీ 6వ ఫ్రెట్ గీత మీద బార్ సరిగ్గా ఆపినా రికార్డుతో కలిపి వాయిస్తే నాది కిందికి ఉంటోంది. 3లోనూ 10లోనూ కలుస్తోంది. ఎఫ్ లీవర్ శ్రుతి పెంచాలా?

పదితీగలు
లీవర్‌ని ముట్టుకోవద్దు. ఎ పెడల్ స్వరం, ఎఫ్ లీవర్ స్వరం, గాంధారం, మూడింటినీ చెవికి ఇంపుగా కుదిరేలా దించి శ్రుతి చేస్తాం కాబట్టి ఆ కార్డ్ మొత్తం దాదాపు 15 సెంట్లు కిందే ఉంటుంది. ఎఫ్ ఒక్కటీ పెంచితే కార్డ్ లోపల గాంధారం కరకరలాడుతుంది. బార్‌ని 6వ గీత దాటించి బ్రిడ్జ్ వైపు ఫ్రెట్‌లో ఆరో ఏడో వంతు ముందుకి పెట్టండి. పై ఫ్రెట్లకి పోయేకొద్దీ ఆ ఎడం కూడా సన్నబడుతుంది కాబట్టి 11వ ఫ్రెట్‌లో ఇంకా తక్కువ జరపాలి. ముందు 6వ ఫ్రెట్‌లో 5వ తీగ ఒక్కటే ఎ పెడల్‌తో మీటి, రికార్డులోని బేస్ జి తో కలిసేదాకా బార్ జరిపి, ఆ చోటు కంటికి గుర్తుపెట్టుకోండి. తరవాత మూడు తీగలూ కలిపి మీటండి.